ఫోటో పక్కన మీరుండరు

(జ్యూరీ ఎంపిక చేసే ఆర్ట్ ఫెయిర్లకు దరఖాస్తు చేసే కళాకారుల కోసం తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శ్రీకాళహస్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కలంకారీ వాళ్లున్నారు, మాధవమాల కొయ్యపని వాళ్లున్నారు, పలమనేరు మట్టిబొమ్మల వాళ్లున్నారు, తిరుపతిలోనే ఉండి కాన్వాసు మీద వేసేవాళ్లున్నారు. చేతిపని గురించి మీకు చెప్పగలిగేదేమీ లేదు, మీ దగ్గర నేర్చుకోవాల్సిందే. ఇవాళ మాట్లాడేది ఆ పనికి తీసిన ఫోటోల గురించి. వాటిని దరఖాస్తులో పెట్టే ముందు ఎవరికి చూపించాలి, ఏమని అడగాలి, వాళ్లు చెప్పినదాంట్లో ఏది పట్టించుకోవాలి అన్నదే ముఖ్యం. వెనకవాళ్లకు తెర కనబడుతోందా? ఆ కిటికీ తలుపు కొంచెం వేయండమ్మా.

కొన్ని పోటీల్లో వస్తువునే తెచ్చి బల్లమీద పెడతారు, పెద్దలు ముట్టుకుని చూస్తారు. వాటి సంగతి ఇవాళ వద్దు. జ్యూరీ ఉండే ఆర్ట్ ఫెయిర్లలో మొదటి వడపోత ఫోటోల మీదే జరుగుతుంది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం శాంటా ఫేలో 2004 నుంచి అంతర్జాతీయ జానపద కళల మార్కెట్ నడుస్తోంది. దానికి మన దేశపు చేతిపనివాళ్లు కూడా దరఖాస్తు చేస్తుంటారు. అమెరికా వీధుల్లో జరిగే ఆర్ట్ ఫెయిర్లలో చాలావాటికి జాప్లికేషన్ అనే వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. మామూలుగా నాలుగైదు ఫోటోలు అడుగుతారు, వాటిలో ఒకటి స్టాలు ఫోటో. చాలాచోట్ల జ్యూరీకి మీ పేరు కనబడదు. మీ ఫోటోలన్నీ పక్కపక్కన ఒకే వరసలో తెరమీదికొస్తాయి. మార్కు పడుతుంది. వెంటనే తర్వాతివాళ్లవి వస్తాయి.

ఒక లెక్క వేసుకుందాం. వెయ్యి దరఖాస్తులు వచ్చాయనుకోండి. మనిషికి 20 సెకన్లు ఇచ్చినా మొదటి చుట్టు పూర్తి కావడానికి ఐదున్నర గంటలు పడుతుంది. నాలుగో గంటలో మీ వంతు వచ్చిందనుకోండి. ఆ 20 సెకన్లలో కరక్కాయ పాలలో గుడ్డ ఎన్నిసార్లు తడిపారో, ఆ నలుపు కోసం ఇనుము, బెల్లం ఎన్ని రోజులు నానబెట్టారో చెప్పడానికి మీరు పక్కన ఉండరు. అభిప్రాయం అడిగేటప్పుడు కూడా మీరు పక్కన లేనట్టే అడగాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మనవాళ్లు అభిప్రాయం ఎట్లా అడుగుతారు? ఫోన్ చేతికిచ్చి "ఎట్లుందన్నా?" అంటారు. "సూపరుందబ్బా" అని జవాబొస్తుంది. అడిగిన తీరులోనే ఆ జవాబు ఉంది. ఎదుటి మనిషి మిమ్మల్ని చూసి చెప్తున్నాడు, ఫోటోను చూసి కాదు. ఇంకొందరు ఫోటో చూపిస్తూనే కథ మొదలుపెడతారు: "ఇది గజేంద్రమోక్షం, ఇక్కడ మొసలి, ఇక్కడ స్వామి దిగుతున్నాడు..." అని. అంతా విన్నాక చూసే కళ్లకు ఫోటోలో లేనిది కూడా కనబడుతుంది.

మీకు పని నేర్పిన పెద్దాయనకు చూపించడం మంచిదే, కానీ ఆయన చెప్పేది వేరే పనికి ఉపయోగపడుతుంది. ఆయన ముద్ర తప్పిందా, అంచులో లత సరిగా తిరిగిందా అని చూస్తాడు. గుడ్డ ఆయనకు తెలుసు కాబట్టి ఫోటోలో ఎరుపు నారింజగా మారినా ఆయన కన్ను దాన్ని ఎరుపుగానే చదువుకుంటుంది. ఇంట్లోవాళ్ల సంగతీ అంతే. కాబట్టి గురువుగారిని గుడ్డ మీద అభిప్రాయం అడగండి. ఫోటో మీద మాత్రం ఆ గుడ్డను ఎప్పుడూ చూడనివాళ్లను అడగండి.

ఐదుగురు చాలు. ముగ్గురి కంటే తగ్గితే ఎవరి ఇష్టం ఏదో తేల్చలేం. పదిమంది దాటితే గందరగోళం. ఐదుగురిలో ఇద్దరు కళతో సంబంధం లేనివాళ్లుండాలి: టైలరు, బ్యాంకులో పనిచేసే పక్కింటాయన, యూనివర్సిటీలో సైన్సు చదివే అమ్మాయి, ఎవరైనా సరే. ఒకరు వేరే మాధ్యమంలో పనిచేసే కళాకారుడు కావాలి. కలంకారీ వాళ్లు కొయ్యపని వాళ్లకు చూపించండి, వాళ్లు మీకు చూపిస్తారు. ఇవాళ ఇద్దరూ ఒకే హాల్లో ఉన్నారు, ఫోన్ నంబర్లు తీసుకోకుండా వెళ్లకండి. ఒకరు మేళాల్లో, ఎగ్జిబిషన్లలో అమ్మిన అనుభవం ఉన్నవాళ్లు. ఇంకొకరు ఫోటోగ్రాఫరు. పెళ్లిళ్ల స్టూడియోవాళ్లయితే ఒక జాగ్రత్త ఉంది. రంగులు పెంచడం, మొహాలు నున్నగా చేయడం వాళ్లకు అలవాటైన పని. "వెలుతురు గురించి, వంకర గురించి చెప్పు, రంగు మాత్రం ముట్టుకోవద్దు" అని ముందే చెప్పండి.

ఇప్పుడు చూపించే పద్ధతి. ఫోన్ చేతికివ్వొద్దు. ఫోన్ ఇస్తే రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తారు, జ్యూరీకి అంత తీరిక ఉండదు. ల్యాప్‌టాప్ గానీ టీవీ గానీ పెట్టండి. దరఖాస్తులో వెళ్లే ఐదు ఫోటోలనూ అదే వరసలో, నల్లని నేపథ్యం మీద ఒకే తెరలో పెట్టండి. 20 సెకన్లు చూపించి తెర మూసేయండి. అప్పుడు అడగండి: ఏం చూశావు? అది దేంతో చేసింది? ఎంత పెద్దది ఉంటుందనుకున్నావు? అన్నీ ఒకే చేతి పనిలా అనిపించాయా? ఒకటి తీసేయాలంటే ఏది తీస్తావు? జవాబులు వాళ్లు అన్న మాటల్లోనే రాసుకోండి. "పరదాలాగా ఉంది" అంటే "పరదా" అనే రాయాలి. మధ్యలో "కాదన్నా, అదీ..." అని నోరు తెరిచారంటే ఆ మనిషి అభిప్రాయం ఇక పనికిరాదు. ఒక్కొక్కరికీ విడిగా చూపించాలి. నలుగురిని కూర్చోబెడితే మొదట మాట్లాడినవాడి మాటే అందరి మాటవుతుంది.

దూరంగా ఉన్నవాళ్లకు పంపాలంటే వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి. అది ఫోటోను కుదించేస్తుంది, సన్నని గీతలు నలిగిపోతాయి. అప్పుడు వాళ్లు "మసకగా ఉంది" అంటారు, మీరు మంచి ఫోటోను పారేస్తారు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఈమెయిల్ అయినా ఫరవాలేదు.

"దేంతో చేసింది?" అనే ప్రశ్న గురించి ఇంకొంచెం చెప్పాలి. మన జిల్లా వాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. శ్రీకాళహస్తి కలంకారీకి జవాబుగా ఐదుగురిలో ముగ్గురు "ప్రింటు గుడ్డ" అన్నారంటే గుండె బరువెక్కుతుంది. తప్పు వాళ్లది కాదు. బజారులో స్క్రీన్ ప్రింటు చీరల్ని కలంకారీ పేరుతో అమ్ముతున్నారు. పెడన వైపు అచ్చులతో అద్దే పనికీ కలంకారీ అనే పేరు. దూరాన కూర్చున్న జ్యూరీ సభ్యుడికి ఈ తేడా తెలియకపోవచ్చు. కాబట్టి ఫోటోయే చెప్పాలి. గీత మొదలైన చోట లావుగా ఉండి, వెదురు కలంలో రంగు తగ్గేకొద్దీ సన్నబడి, మళ్లీ ముంచిన చోట లావు కావడం కనబడేలా ఒక దగ్గరి ఫోటో ఉండాలి. అచ్చు గీత అంతటా ఒకేలా ఉంటుంది, చేతి గీత ఊపిరి తీసుకుంటుంది. దేవత మొహం, చేయి, అంచులో కొంత భాగం కలిసి ఒక జానెడు మేర ఫ్రేములో నిండితే చాలు. ఆ ఒక్క ఫోటో చేర్చి మరో ఐదుగురికి చూపించండి. "గీసింది" అన్న మాట రావాలి.

దగ్గరి ఫోటో ఎందుకు తప్పనిసరో లెక్కతో చెప్తాను. మీ గుడ్డ 2 మీటర్ల పొడవనుకోండి. ఫోటో పొడవు 1920 పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్‌లో గుడ్డ మీది మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువే ఇరుక్కుంటుంది. కలంతో గీసిన సన్నగీత మిల్లీమీటరు లోపే ఉంటుంది కదా. అది ఫోటోలో బూడిదరంగు నీడలాగా మిగులుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. రామాయణం మొత్తాన్ని వరసలు వరసలుగా వేసిన పెద్ద గుడ్డ మీ పనితనానికి గొప్ప సాక్ష్యమే, కానీ తెరమీద అది తివాచీలా కనబడుతుంది. నా సలహా ఏందంటే, ఐదింటిలో అట్లాంటి పెద్ద గుడ్డ ఒక్కటి చాలు. మిగతావి ఒకటి రెండు పెద్ద ఆకారాలతో, చుట్టూ ఖాళీ ఉన్నవి ఎంచుకోండి. కొన్ని ఫెయిర్లు దగ్గరి ఫోటోలను ఒప్పుకోవు, ప్రతి ఫోటోలో పని మొత్తం కనబడాలంటాయి. నిబంధన చదివాకే ఎంచుకోవాలి.

రంగు విషయానికొద్దాం. కరక్కాయ, ఎనుము (గేదె) పాలు పట్టించిన గుడ్డకు ఒక మీగడ రంగు వస్తుంది. అది మన గుడ్డకు ప్రాణం. ఫోన్ కెమెరాకు అది తెలియదు. "ఇది తెల్లగుడ్డే, పసుపు దీపం కింద ఉంది" అనుకుని దాన్ని తెలుపు చేయడానికి రంగులన్నిటినీ నీలం వైపు లాగుతుంది. మీగడ రంగు బూడిదవుతుంది, దానిమ్మ తొక్క పసుపు వెలిసిపోతుంది, మంజిష్ఠ ఎరుపు గులాబీ వైపు పోతుంది. చూసినవాళ్లు "పాత గుడ్డలాగుంది", "రంగు చచ్చింది" అంటారు. విరుగుడు సులభమే. 18 శాతం బూడిదరంగు కార్డు కెమెరా దుకాణంలో దొరుకుతుంది. అదే వెలుతురులో గుడ్డ ముందు కార్డు పెట్టి ఒక ఫోటో తీయండి, తీసేసి రెండో ఫోటో తీయండి. కంప్యూటర్‌లో మొదటి ఫోటోలోని కార్డు మీద వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగుల సర్దుబాటు) సరిచేసి, అదే సవరింపును రెండోదానికి ఇవ్వండి. తర్వాత గుడ్డను తెర పక్కన పెట్టి పగటి వెలుతురులో పోల్చండి. ఈ పోలిక మాత్రం మీరే చేయాలి, కొత్తవాళ్లు చేయలేరు.

వెలుతురు ఎక్కడ? ఆరుబయట నీడ మంచిది. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు ఎండ నేరుగా పడని గోడ, దాని ముందు ఆకాశం విశాలంగా ఉండాలి. ఎదురుగా ఆకుపచ్చ రేకుల షెడ్డో, ఎర్ర రంగు గోడో ఉంటే ఆ రంగు గుడ్డ మీదికి పాకుతుంది. ఇంట్లో తీస్తే రెండు ఒకేరకం ఎల్‌ఈడీ లైట్లు, 5000 నుంచి 5500 కెల్విన్ మధ్య, అంటే పగటి వెలుతురులాంటి తెలుపు ఉన్నవి, గుడ్డకు రెండు పక్కల 45 డిగ్రీల కోణంలో పెట్టండి. మిగతా లైట్లు ఆర్పేయండి. కిటికీ వెలుతురు ఒక పక్క, ట్యూబులైటు ఇంకో పక్క ఉంటే గుడ్డ సగం నీలంగా, సగం ఆకుపచ్చగా వస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేరుతో బాగుచేయడం చాలా కష్టం, మళ్లీ తీయడమే మేలు.

గుడ్డను వెనక నుంచి ఇస్త్రీ చేసి, పైన ఒక పైపు, కింద ఒక పైపు బరువుకు వేసి వేలాడదీయండి. మడతల నీడలు గీతల్లా కనబడి చూసేవాళ్లను మోసం చేస్తాయి. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని నిలబడి, కింద వాళ్ల కాలివేళ్లు కనబడే ఫోటోలు దయచేసి పంపకండి. కెమెరా గుడ్డ నడిమికి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో, స్టాండు మీద ఉండాలి. ఫోన్ అయితే దూరంగా జరిగి 2ఎక్స్ లెన్సు వాడండి, దగ్గరికెళ్లి వెడల్పు లెన్సుతో తీస్తే అంచులు విల్లులా వంగుతాయి.

కొయ్యపని వాళ్లకు ఇదంతా తిరగబడుతుంది. గుడ్డకు రెండు వైపులా సమానంగా వెలుతురు కావాలి. చెక్కిన దేవతామూర్తికి అట్లా పెడితే మొహం చదునైపోతుంది, నెల్లాళ్లు చెక్కిన నగలన్నీ మాయమవుతాయి. ఒకే లైటు, పైన ఎడమవైపు నుంచి రావాలి, దాని ముందు తెల్లని పలుచని గుడ్డ అడ్డం కట్టండి. అవతలి పక్క తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే నీడలోని చెక్కడం కూడా కనబడుతుంది. పాలిష్ మీద తెల్లటి మెరుపు చుక్కలు వస్తే లైటు దగ్గరగా ఉందని కాదు, చిన్నదిగా ఉందని అర్థం. అడ్డం కట్టిన గుడ్డను ఇంకా పెద్దది చేయండి. వెనక బూడిదరంగు చార్టు కాగితాన్ని బల్ల నుంచి గోడదాకా మడత లేకుండా వంచి పెట్టండి. కెమెరా విగ్రహం ఛాతీ ఎత్తులో ఉండాలి. పై నుంచి వంగి తీస్తే ఎంత గొప్ప విగ్రహమైనా బొమ్మల కొలువులో బొమ్మలా కనబడుతుంది. "ఎంత పెద్దది?" అన్న ప్రశ్నకు మీ ఐదుగురూ ఆరంగుళాలు అంటే, అది రెండడుగులదైతే, కెమెరా ఎత్తు తప్పిందని తెలుసుకోండి. పక్కన రూపాయి బిళ్ల, అగ్గిపెట్టె పెట్టొద్దు. కొలత రాయడానికి దరఖాస్తులో చోటుంటుంది. ఎర్రచందనం వాడేవాళ్లకు ఒక మాట: అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో అది ఉంది, విదేశీ ఫెయిరుకు వెళ్లాలంటే అనుమతి కాగితాలు ముందే చూసుకోవాలి.

కాన్వాసు వాళ్లు అద్దం, ఫ్రేము తీసేసి తీయండి. బంగారు రేకు వాడినవాళ్లు రేకుకు ఎదురుగా పెద్ద తెల్లగుడ్డ కట్టండి. నల్లగా కనబడే రేకు ఆ తెలుపును పట్టుకుని బంగారంలా వెలుగుతుంది.

అభిప్రాయాలు వచ్చాక ఏం చేయాలి? ఐదుగురి మాటలూ ఒక కాగితం మీద ఫోటోల వారీగా రాయండి. ముగ్గురు ఒకే ఫోటోను తీసేయమంటే తీసేయండి, అది మీకు ఎంత ఇష్టమైనదైనా సరే. ఒక్కరే అన్నది పక్కన పెట్టండి, కానీ చెరిపేయకండి. వాళ్లు చూపించిన చోటును నమ్మండి, చెప్పిన వైద్యాన్ని నమ్మాల్సిన పనిలేదు. "ఇంకొంచెం రంగు పెంచు" అంటే అక్కడేదో చప్పగా ఉందని అర్థం. అది వెలుతురు చాలకపోవడం కావచ్చు, మీగడ రంగు బూడిదవడం కావచ్చు. రంగు పెంచితే ఎరుపు మండిపోయి లోపలి గీతలు మునిగిపోతాయి. అదిగాక ఫెయిరులో మీ స్టాలుకొచ్చి చూసినవాళ్లకు ఫోటోలో ఉన్న పని అక్కడ లేదనిపించకూడదు. కొన్ని ఫెయిర్లలో అట్లాంటివాళ్లను బయటికి పంపే నిబంధన ఉంటుంది. ఫోన్‌లోని బ్యూటీ మోడ్, ఏఐతో పదును పెట్టడం, లేని గీతల్ని ఊహించి నింపే యాప్‌లు, వీటి జోలికి అసలు పోవద్దు.

"అన్నీ ఒకే చేతి పనిలా ఉన్నాయా?" అన్న ప్రశ్నకు "లేవు" అని వస్తే చాలామందికి కోపమొస్తుంది. మనం చీర వేస్తాం, గోడ గుడ్డ వేస్తాం, సంచి మీద జీవవృక్షం వేస్తాం, అన్నీ చూపిద్దామనిపిస్తుంది. జ్యూరీకి అది ముగ్గురు మనుషుల దుకాణంలా కనబడుతుంది. ఒక దరఖాస్తుకు ఒకే దారి. నాలుగు గోడ గుడ్డలైతే నాలుగూ గోడ గుడ్డలే. వరసలో మొదటిదీ చివరిదీ బలమైనవి ఉండాలి, ఆకారాలు లోపలికి చూస్తున్నట్టుంటే ఇంకా మంచిది. దీన్ని పరీక్షించాలంటే ఐదు ఫోటోలనూ తపాలా బిళ్లంత చిన్నవి చేసి ఒక వరసలో పెట్టండి. వాటిలో ఒకటి మచ్చలా కనబడితే దాన్ని మార్చండి.

స్టాలు ఫోటోను అందరూ చివరికి వదిలేస్తారు. ఇంతవరకు ఏ ఫెయిరుకూ వెళ్లనివాళ్లు వాకిట్లోనే కట్టుకోవచ్చు. అమెరికా ఫెయిర్లలో స్టాలు సాధారణంగా 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు. పైపులు పాతి మూడు వైపులా తెల్లగుడ్డ కట్టి, పనులు వేలాడదీయండి. మనుషులుండకూడదు, పేరున్న బోర్డు, ఫోన్ నంబరు ఉండకూడదు. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కుర్చీలు బయటపెట్టండి. మిగతా నాలుగు ఫోటోల్లో చూపించిన పనే ఇక్కడా కనబడాలి. సందులేకుండా నింపకండి, ప్రతి పని చుట్టూ ఒక మూరెడు ఖాళీ వదలండి. దీన్ని కూడా ఆ ఐదుగురికీ చూపించి "ఇక్కడ ఏం అమ్ముతారు?" అని ఒకే ప్రశ్న అడగండి.

ఇదంతా చేయడానికి గడువుకు ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. ఫోటోలకు రెండు వారాలు, మొదటి చూపుకు ఒక వారం, మళ్లీ తీయడానికి రెండు వారాలు, కొత్త ఐదుగురికి చూపడానికి ఒక వారం. రెండోసారి పాతవాళ్లకే చూపిస్తే వాళ్లకు పని అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మబ్బు. ఆ నెలల్లో గడువుంటే సెప్టెంబరులోనే తీసి పెట్టుకోండి.

ఇక ఫైలు సంగతి. జేపెగ్ ఫైలు, తెరలకు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగులు, వాళ్లడిగినన్ని పిక్సెళ్లు, వాళ్లు చెప్పిన ఎంబీ లోపు. ఫోటో మీద పేరు, వాటర్‌మార్కు వేయొద్దు. పేరు కనబడకూడదన్న చోట అది ఒక్కటే చాలు, దరఖాస్తు పక్కన పడేయడానికి. రెండు మూడు ఫోటోలను ఒకదాంట్లో అతికించొద్దు.

నేను చెప్పేది ఇంతే, మిగతాది చేసి చూద్దాం. మీరు పొద్దున ఇచ్చిన పెన్‌డ్రైవుల్లోంచి ఐదేసి ఫోటోలు వరసగా పెట్టాం. ఎవరివో చెప్పం. కలంకారీ వచ్చినప్పుడు కలంకారీ వాళ్లు మాట్లాడకండి, కొయ్యబొమ్మలు వచ్చినప్పుడు మాధవమాల వాళ్లు మాట్లాడకండి. మీవే వచ్చాయనుకోండి, కష్టమైనా సరే, మొహంలో కూడా తెలియనివ్వకండి. అందరి దగ్గరా కాగితం, పెన్ను ఉన్నాయా? ఆ లైట్లు ఆర్పండి నాయనా. మొదటి వరస, 20 సెకన్లు.